బీరువాలో వెలిగే బల్బు

ఇలాంటి వ్యాసాలు మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నేను రిటైరవలేదు, నాకింకా ముప్పై నిండలేదు. కాంట్రాక్టు పొడిగించలేదు కాబట్టి బయటికొచ్చాను. ఇప్పుడు వండూర్ జెట్టీలో, పగడపు దిబ్బలు చూడటానికొచ్చే టూరిస్టులకు టికెట్లు ఇస్తున్నాను. అయినా ఆ పాత ఉద్యోగం మొదలూ చివరా చూసినదాన్ని కాబట్టి, అలాంటి కార్యాలయాల్లో కొత్తగా చేరబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక సంగతి చెప్పాలనిపించింది. నోటితో చెప్పమంటే నావల్ల కాదు. నలుగురు కూర్చున్నచోట నా గొంతు లేవదు. చిన్నప్పటి నుంచీ చెప్పాల్సినవన్నీ డైరీలో రాసుకుని, మనుషుల ముందు తల ఊపి ఊరుకోవడమే అలవాటు. ఈసారి మాత్రం తల ఊపి ఊరుకోలేదు. దానివల్ల ఒరిగిందీ ఏమీ లేదు.

మాది ఈ దీవుల్లోని లంబాలైన్ అనే పేట. మా తాతల కాలంలోనే మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చేశారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బజార్లో హిందీ. నా వయసువాళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. మా నాన్నమ్మ పట్టుబట్టి నేర్పించింది కాబట్టి నాకు వచ్చింది. ఆ ఉద్యోగం దొరకడానికీ అదే కారణం.

ఈ దీవుల్లో స్థిరపడ్డ రకరకాల జనాల మాటలూ పాటలూ దాచే చిన్న కార్యాలయం అది. ఎప్పుడో పాత రోజుల్లో పెద్ద రీళ్ళ యంత్రం మోసుకుని ఊరూరూ తిరిగి రికార్డు చేశారు. తర్వాత ఆ రీళ్ళన్నిటినీ సీడీల్లోకి ఎక్కించారు. ఎక్కించాక రీళ్ళ అవసరం లేదని పైనుంచి ఉత్తర్వు వస్తే పారేశారు. నేను చేరేసరికి మిగిలినవి సీడీలే. ప్రతి సీడీనీ కంప్యూటర్లో పెట్టి, మొదటి నిమిషం విని, బాగుంటే దాని సంచి మీద ఆకుపచ్చ చుక్క అంటించాలి. అదే నా పని. మొదటి నిమిషం చాలు, మొత్తం వినక్కర్లేదు. అది నియమం.

నాకు పని నేర్పినాయన్ని మాస్టారు అనేవాళ్ళం. మా వైపు మనిషే, ఇక్కడే పుట్టినవాడు. రీళ్ళను సీడీల్లోకి ఎక్కించింది ఆయనే. సీడీని వేలి మొనలతో అంచు పట్టుకుని ఎత్తడం, తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవడం ఆయనే నేర్పారు. తన డబ్బాలోంచి సగం కూర నా డబ్బాలో వేసేవారు. "అమ్మాయ్, నీ గొంతు రికార్డు చెయ్యాలంటే నా వల్ల కాదు. మీటరు ముల్లు కదలదు" అని ఏడిపించేవారు. నాకు కోపం వచ్చేది కాదు. ఆ కార్యాలయంలో నన్ను చూసి నవ్వే మనిషి ఆయనొక్కరే.

ఈ దీవుల్లో ఏ వస్తువు దాచాలన్నా శత్రువు బూజు. వానాకాలంలో చెప్పులకు బూజు, పుస్తకాల అట్టలకు బూజు, కెమెరా అద్దానికి బూజు. అందుకని ఇక్కడ ఫొటోగ్రాఫర్లూ రేడియో రిపేరువాళ్ళూ చేసే ఉపాయం ఒకటుంది. బీరువాలో ఒక బల్బు పెట్టి రాత్రింబవళ్ళు వెలిగిస్తారు. ఆ వేడికి లోపల చెమ్మ చేరదు. మా మాస్టారు కూడా అదే చేశారు. ఒకప్పుడు పక్క కార్యాలయాల్లో రీళ్ళన్నీ బూజు పట్టి అతుక్కుపోతే, మా దగ్గర ఒక్కటీ పోలేదట. దానికి ఆయనకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. రీళ్ళు పోయి సీడీలు వచ్చినా బల్బు అలాగే ఉంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే కొత్త రకం బల్బులు వేడెక్కవు కదా, అందుకని వైజాగ్ నుంచి ఓడలో వచ్చేవాళ్ళ చేత పాతకాలపు తీగ బల్బులు తెప్పించుకుని సొరుగులో దాచుకునేవారు. కాగితం అట్టలకు బూజు పడుతుందని సీడీల డబ్బాలు కూడా తీసేశారు. పలుచటి పారదర్శకపు సంచుల్లో, పళ్ళేల స్టాండులో పళ్ళేల్లా, సీడీలు అంచుల మీద నిలబడి ఉండేవి. వాటి అంచులకు ఎదురుగా ఆ బల్బు. పొద్దున్నే వచ్చి బీరువా తలుపు తెరిస్తే లోపలంతా పసుప్పచ్చగా, వెచ్చగా ఉండేది. వానరోజుల్లో చేతులు వెచ్చబెట్టుకోవడానికని నేను దాని ముందు కాసేపు నిలబడేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ దాటి ఒక ఆంటీ వచ్చింది. అక్కడ జాకెట్లు కుట్టే టైలరు. వాళ్ళ చర్చిలో ఆరాధన తెలుగులోనే జరుగుతుంది.

"బేటా, మా అమ్మ పాట మీ కాడ ఉందంట. నిజమేనా?" అంది.

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. వాళ్ళమ్మ పెళ్ళికూతురుగా ఓడ దిగింది. చదువు రాదు. సొంతంగా ఒక పాట కట్టింది. నీళ్ళ మీద నడిచినోడా, మా డుంగీ దగ్గరికి రా, అని మొదలవుతుంది. నాలుగు చరణాలు. డుంగీ అంటే మా దగ్గర చేపల పడవ. ఆ పాట మొదటి చరణం చర్చిలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. మిగతా మూడూ ఎవరికీ రావు.

"మీకు కూడా రావా ఆంటీ?" అని అడిగాను.

"ఎలా వస్తాయి బేటా? మొదటిది అందరం అందుకొనేవోళ్ళం. చప్పట్లు కొట్టేవోళ్ళం. మిగతాది అమ్మ పాడేది. అది అమ్మ పని అనుకున్నాం. అమ్మ పోయినాక సూసుకుంటే ఎవురికాడా లేదు."

వచ్చే చర్చి పండగకి ఆ పాట మొత్తం పాడాలని ఆవిడ కోరిక. ఎప్పుడో ఆఫీసరు ఒకాయన యంత్రం పట్టుకుని బాంబూఫ్లాట్ వచ్చాడనీ, మగవాళ్ళందరూ పాడాక, వంటపని ముగించుకుని ఆఖర్న వాళ్ళమ్మ వచ్చి పాడిందనీ ఆవిడకు గుర్తుంది.

ఆ సీడీ ఉంది. దాని మీద ఆకుపచ్చ చుక్క కూడా ఉంది. ఆవిడ వెళ్ళాక దాన్ని కంప్యూటర్లో పెట్టాను. మొదటి నిమిషంలో మగవాళ్ళ బృందగానం స్పష్టంగా వచ్చింది. తిన్నగా ఆఖరి పాటకు వెళ్ళాను. ఒక ఆడగొంతు రెండు పంక్తులు పాడింది. తర్వాత గరగర. తర్వాత డ్రైవు గిర్రున తిరిగి తిరిగి ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. సీడీ మీద పాటను అంకెలుగా మార్చి రాస్తారు. ఆ అంకెలతో పాటు వాటి లెక్కకు సరిపోయే మరికొన్ని అంకెలు కూడా కలుపుతారు. నాలుగు అంకెలు రాసుకుని, పక్కన వాటి మొత్తం కూడా రాసుకున్నారనుకోండి. ఒక అంకె చెరిగిపోయినా, మొత్తంలోంచి మిగిలిన మూడూ తీసేస్తే అది దొరుకుతుంది. అసలు పద్ధతి దీనికంటే చాలా గట్టిది, కానీ ఆలోచన ఇదే. పైగా పక్కపక్కన ఉండాల్సిన అంకెలను దూరదూరంగా వెదజల్లి రాస్తారు. అందువల్ల ఒక గీత పడితే ఒక మాటంతా పోదు. చాలా మాటల్లోంచి తలా కాస్త పోతుంది, ఆ కాస్తా లెక్కతో తిరిగొస్తుంది. గీతలు పడ్డ సీడీ కూడా కొత్తదానిలా పాడేది ఇందుకే.

లెక్కకు అందనంత పోతే ప్లేయరు ఇంకో పని చేస్తుంది. పోయిన చోటుకు ముందూ వెనకా ఉన్న ధ్వనిని బట్టి, మధ్యలో ఇలా ఉండి ఉంటుందని ఊహించి నింపేస్తుంది. అదీ మన చెవికి తెలియదు. ఊహించడానికి కూడా ఆధారం లేనప్పుడే నోరు మూసుకుంటుంది. అంటే సీడీ పాడైందని చెవికి తెలిసేసరికి, అది పాడవడం మొదలై ఎన్నేళ్ళో అయి ఉంటుంది.

ఆ సవరణ ఎక్కడ ఎంత జరుగుతోందో చూపించే పరీక్ష మా డ్రైవులో ఉంది. ఎవరూ వాడలేదు, వాడమని ఎవరూ చెప్పలేదు. పాత వాడుక పుస్తకం చదివి నేను నేర్చుకున్నాను. ఆ సీడీని పరీక్షకు పెడితే, తెర మీద తప్పుల లెక్క చూపే గీత సీడీ మధ్యభాగంలో నేల మీద పాకి, అంచుకు పోయేకొద్దీ లేచి, చివర గోడలా నిలబడింది. సీడీ మధ్య నుంచి అంచుకు చదువుతుంది కాబట్టి మొదటి పాటలు మధ్యలో ఉంటాయి, ఆఖరి పాట అంచులో. వంటపని ముగించుకుని ఆఖర్న వచ్చిన మనిషి గొంతు ఆ గోడ దగ్గర ఉంది.

అదే అరలో ఉన్నవి మరికొన్ని చూశాను. అన్నీ అంతే. అట్టడుగు అరలో, బల్బు వెలుగు పడని మూల, అదే ఏడాది అదే పెట్టెలోంచి వాడిన సీడీలున్నాయి. వాటి గీత అంచు దాకా నేల మీదే ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి కిటికీ దగ్గర తిప్పి చూశాను. చీకట్లో ఉన్నది వెనకవైపు నిండు ఆకుపచ్చ. బల్బు ముందున్నదానికి అంచున రంగు వెలిసిపోయి పాలిపోయిన పసుపు. ఇలాంటి సీడీల్లో రాత ఉండేది ఆ రంగులోనే. వెలుగు తగిలేకొద్దీ అది వెలిసిపోతుంది.

మాస్టారికి రెండూ చూపించాను. ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. అర్థం కాక కాదు.

"ఈ బల్బే లేకపోతే ఇక్కడ ఒక్క రీలు మిగిలేది కాదు అమ్మాయ్. నువ్వప్పటికి పుట్టలేదు."

"రీళ్ళకి మంచిదే మాస్టారూ. వీటికి కాదు."

ఆయన సీడీలు రెండూ సంచుల్లో పెట్టి, బీరువాలో వాటి చోట్లలో నిలబెట్టారు. బల్బు ముందున్నదాన్ని మళ్ళీ బల్బు ముందే.

"నా రిటైర్మెంటు దగ్గర పడింది. కాగితాలన్నీ కదులుతున్నాయి. ఇప్పుడు రికార్డులు పాడయ్యాయని మాట పుడితే అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అప్పటిదాకా సాబ్ చెవిలో ఇది వెయ్యకు" అన్నారు.

ఆయన పరిస్థితి నాకు అర్థమైంది. కానీ ఆ పాటకు అంత సమయం లేదు. మాస్టారి గదిలో పాతకాలపు పెద్ద ప్లేయరు ఒకటుండేది. కంప్యూటరు డ్రైవులా ఉరకదు, నింపాదిగా చదువుతుంది. కంప్యూటరు చేతులెత్తేసిన ఇంకో సీడీని ఒకసారి ఆయనే దాంట్లో పెట్టి చూపించారు. అక్కడక్కడా చిటపటలతో చివరిదాకా పాడింది. అంటే ఆంటీ వాళ్ళమ్మ పాట ఇంకా దొరికే అవకాశం ఉంది. కానీ ఆ ప్లేయరు ఉండేది ఆయన తాళం వేసుకునే అరలో. "ఒక్కసారి పెట్టండి మాస్టారూ, మాటలు నేను రాసేసుకుంటాను" అని చాలాసార్లు అడిగాను. దరఖాస్తు లేకుండా వినిపించకూడదనే నియమం చూపించారు. చివరి రోజుల్లో నియమం తప్పించవద్దన్నారు. ఆ సీడీ మధ్యలో ఆగిపోతే అప్పుడేం చెప్పాలన్నదే అసలు భయమని నాకు తెలుసు.

అందుకని సాబ్ దగ్గరికి వెళ్ళాను. సాబ్ అంటే మా అధికారి, బయటి నుంచి బదిలీ మీద వచ్చినాయన. నా అంతట నేను ఒక అధికారి గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. చెప్పింది వినపడక ఆయన రెండోసారి చెప్పమన్నారు, చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. మాస్టారిని పిలిపించారు. మాస్టారు ఆ సీడీని తీసుకొచ్చి, సాబ్ కంప్యూటర్లో పెట్టి, మొదటి నిమిషం వినిపించారు. బాంబూఫ్లాట్ మగవాళ్ళు గదంతా మోగేలా పాడారు.

"ఆవాజ్ తో ఏక్‌దమ్ సాఫ్ హై. ఔర్ క్యా చాహియే?" అన్నారు సాబ్. గొంతు ఇంత శుభ్రంగా ఉంటే ఇంకేం కావాలని. నేను అంచు గురించీ రంగు గురించీ చెప్పబోయాను. మాస్టారు నవ్వుతూ, చిన్నపిల్ల సార్, పుస్తకాలెక్కువ చదువుతుంది, అని హిందీలో అన్నారు. సాబ్ కూడా నవ్వారు. ఆ నవ్వుతో మాట ముగిసింది.

ఆ మధ్యాహ్నం ఆయన డబ్బాలోంచి నా డబ్బాలోకి కూర రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు బల్బు మర తిప్పి వదులు చేశాను. పొద్దున్నే వచ్చేసరికి వెలుగుతోంది. మళ్ళీ వదులు చేశాను. ఈసారి కొత్త బల్బు వచ్చింది. పాతది మాడిపోయిందనుకుని మార్చానని ఆయన తనలో తాను అనుకున్నట్టు అన్నారు. మాడలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అలా కొన్నాళ్ళు మా ఇద్దరి మాటలూ ఆ బల్బు ద్వారానే నడిచాయి. ఒకరోజు హోల్డరు చుట్టూ తీగ బిగించి ఉంది. బాంబూఫ్లాట్ సీడీని తీసి అడుగు అరలో చీకట్లో పెట్టాను. మర్నాడు అదీ తన చోటుకు వచ్చేసింది. వరస తప్పించవద్దని మందలించారు.

ఇక మిగిలింది దరఖాస్తు. దారి అదొక్కటే కాబట్టి ఆంటీ చేత వెంటనే పెట్టించాను. ముందు, పాడినామె కూతురని రుజువు కావాలన్నారు. పాస్టరు గారి ఉత్తరం తెచ్చింది. అది చెల్లదన్నారు. ఒక కాగితం తెస్తే దానికి ఆధారంగా ఇంకో కాగితం. అన్నీ కుదిరేసరికి సాబ్ శిక్షణకని మెయిన్‌లాండ్ వెళ్ళారు. ఆయన వచ్చేదాకా సంతకం లేదు. ఆంటీ మాత్రం మెషీను పని వదులుకుని ఫెర్రీ ఎక్కి వచ్చేది.

"ఏటి బేటా, ఇయ్యాల కూడా సాబ్ రాలేదా?"

"రాలేదాంటీ."

"పోనీలే. అమ్మ ఎక్కడికి పోద్ది, పెట్టిలోనే ఉందిగా."

ఆ మాట అన్నప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, సీడీ కొంచెం పాడైందాంటీ, అని చెప్పేశాను. ఆవిడ పెద్దగా కంగారు పడలేదు. తుడిస్తే పోదా, అంది. ఆవిడ రానప్పుడు నేను పరీక్ష పెట్టి చూసేదాన్ని. ఆ గోడ చూసిన ప్రతిసారీ కొంచెం మధ్యకు జరిగి ఉండేది.

చివరికి అనుమతి వచ్చింది. వినడానికి మాత్రమే. కాపీకి వేరే దరఖాస్తు పెట్టుకోవాలట.

ఆ రోజు వాన. ఫెర్రీ ఆలస్యమైంది. ఆంటీ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, మోకాళ్ళ దాకా తడిసి, ప్లాస్టిక్ సంచిలో కొబ్బరి లౌజుల డబ్బా పట్టుకుని వచ్చింది. ముందు మాస్టారికి పెట్టింది, తర్వాత నాకు. ఫోన్లో రికార్డు చేసుకోకూడదంటే బల్ల మీద పెట్టేసింది. నేను కాగితాలూ పెన్నూ సిద్ధం చేసుకున్నాను. మాస్టారు అర తాళం తీసి, ప్లేయరును బయటికి తెచ్చి, దుమ్ము తుడిచి, సీడీ పెట్టారు. ఆయన చేతులు అంత జాగ్రత్తగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో ఆయన కూడా అది పాడాలనే కోరుకున్నారని ఇప్పటికీ అనుకుంటాను.

ఆఖరి పాట పెట్టారు. గొంతు వచ్చింది. తియ్యటి గొంతేం కాదు. గట్టున నిలబడి నీళ్ళ మీద ఉన్నవాళ్ళను కేకేసి పిలిచే గొంతు. నీళ్ళ మీద నడిచినోడా, అనగానే ఆంటీ పెదాలు కదిలాయి. చరణం పొడుగునా తనూ లోలోపల పాడింది, మధ్యలో రెండుసార్లు చప్పుడు కాకుండా చప్పట్లు కూడా కలిపింది. మొదటి చరణం ఒక్క చిటపట లేకుండా సాగింది. రెండోది మొదలైంది.

"ఆరిన పొయ్యి" అంది ఆ గొంతు.

తర్వాత ఏమీ లేదు. గరగర లేదు, తడబాటు లేదు. ప్లేయరు మీద అంకెలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. వాన చప్పుడు వినిపించింది. ఆంటీ తల వంచుకుని ఎదురుచూసింది. నేను పెన్ను కాగితానికి ఆనించి ఉంచాను.

"అమ్మకి దగ్గుండేది. దగ్గొచ్చిందేమో" అంది ఆంటీ మెల్లగా.

అంకెలు నడిచి నడిచి పాట చివరికి చేరి ఆగాయి. మాస్టారు సీడీ బయటికి తీసి, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది. మళ్ళీ తుడిచారు. అలా ఎన్నిసార్లు చేశారో, చివరికి ఆంటీయే వద్దంది.

"ఆ మొదటిది మాకొచ్చు కదా బేటా" అంది నాతో.

అప్పటికి ఆవిడకు ఆశ పోలేదు. మాస్టారి వైపు తిరిగింది. "బాబూ, రీలులోంచి దీన్లోకి ఎక్కించింది మీరే కదా. అప్పుడు మొత్తం ఇనే ఉంటారు. ఆరిన పొయ్యి తరవాత ఏటుందో కొంచమైనా గుర్తుందేటి?"

మాస్టారు సీడీని సంచిలో పెట్టి, సంచి మూతిని వేలితో నొక్కుతూ నిలబడ్డారు.

"నేను పాట వినలేదమ్మా. ముల్లు చూశాను" అన్నారు. "గొంతు పెరిగితే ముల్లు ఎర్రగీత దాటుతుంది. దాటకుండా చూసుకోవడమే నా పని. ఏ పాటా వినలేదు."

అన్ని నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన నిజం అదొక్కటే. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఆంటీ డబ్బా మూత పెట్టుకుని, వస్తానని చెప్పి, వానలోనే జెట్టీకి వెళ్ళిపోయింది.

మర్నాడు బీరువాలో బల్బు లేదు. హోల్డరూ తీగా కూడా లేవు.

తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను. ఆంటీ దరఖాస్తు పరిష్కారమైనట్టు మూసేశారు. అనుమతి కోరారు, ఇచ్చాం, వినిపించాం. అందులో అబద్ధం ఏముంది? సీడీ మీది ఆకుపచ్చ చుక్క పీకేద్దామని అడిగితే, మొదటి నిమిషం బాగానే ఉంది కదా అన్నారు సాబ్. కొన్నాళ్ళకు మాస్టారి వీడ్కోలు సభ జరిగింది. ఆయన హయాంలో ఒక్క రికార్డు కూడా చెయ్యి జారలేదని సాబ్ మాట్లాడారు. శాలువా కప్పారు. మాస్టారు తల వంచుకునే ఉన్నారు. వినయం అనుకున్నారు అందరూ. నేను సమోసాల పళ్ళేలు అందిస్తున్నాను. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఒకటి తీసుకుని, సగం విరిచి, ఆ సగం నాకిచ్చారు. నేను తీసుకోలేదు. ఆ సగం ముక్కను అలాగే చేతిలో పట్టుకుని పక్కకు వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి నెల నా కాంట్రాక్టు ముగిసింది. సీడీలన్నిటికీ చుక్కలు పడ్డాయి కాబట్టి ఇక తనిఖీకి మనిషి అవసరం లేదన్నారు.

మీలో ఎవరైనా ఇలాంటి పనిలో చేరితే, పాడుతోందా లేదా అని ఒక్కటే అడిగి వదిలెయ్యకండి. పాడటానికి అది లోపల ఎంత అవస్థ పడుతోందో చూడండి. మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, అది ముందే తెలుసుకుని చూడండి. మూడోసారి చెప్పినా వినకపోతే నాలుగోసారి చెప్పాలా అంటే, నాకు తెలియదు. మూడుసార్లు చెప్పడానికే నాకున్న ధైర్యమంతా అయిపోయింది.

చర్చి పండగకు ఆంటీ నన్ను పిలిచింది. వెళ్ళకూడదనుకున్నాను, మొహం చెల్లక. కానీ రెండుసార్లు ఫోను చేసేసరికి ఫెర్రీ ఎక్కాను. బాంబూఫ్లాట్‌లో ఆ చిన్న చర్చి కిటకిటలాడుతోంది. కూర్చోగానే ఎవరో ఒక కాగితం చేతిలో పెట్టారు. పిల్లలకు తెలుగు చదవడం రాదు కదా, తెలుగు పాటను హిందీ అక్షరాల్లో అచ్చు వేశారు. పైన ఆంటీ వాళ్ళమ్మ పేరు. కింద నాలుగు చరణాలు.

కూడబలుక్కుని చదివాను. మొదటిది ఆ పాటే. రెండోది ఆరిన పొయ్యి అనే మొదలైంది. ఆరిన పొయ్యి వెలిగించావు, అంధకారం తొలగించావు. మూడోదీ నాలుగోదీ కూడా అలాగే ఉన్నాయి. ఎక్కడా తప్పు లేదు. ఇంకే పాటలోనైనా పెట్టుకోవచ్చు. మూడూ రాసింది కొత్తగా వచ్చిన చిన్న పాస్టరు గారని తర్వాత తెలిసింది.

అందరూ లేచి నిలబడి పాడారు. కీబోర్డు, డోలకు. మొదటి చరణం అయిపోయాక కూడా గొంతులు తగ్గలేదు. చిన్నపిల్లలు కాగితం చూసి రెండోదాన్నీ అంతే గట్టిగా అందుకున్నారు. ఆంటీ ముందు వరసలో ఉంది. నాలుగు చరణాలూ పాడింది, కాగితం చూడకుండానే.

భోజనాల దగ్గర నా ఆకులో కూర వేస్తూ, పక్కన కూర్చుంది.

"బాగా కుదిరింది కదా బేటా?"

"కుదిరిందాంటీ."

"పిల్లలు అడుగుతున్నారు. మొత్తం అమ్మమ్మే కట్టిందా అని. అవున్రా, ఆఫీసులో దొరికింది అని సెప్పేశాను." గిన్నెలో గరిటె తిప్పింది. "నిన్నెవరైనా అడిగితే నువ్వూ అదే సెప్పు. బస్, అంతే."

సరేనన్నాను. అందుకే ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు.